మితాహారమునకును మితము వలయును

గడచిన జనవరి మాసములో ఒకనాటి మధ్యాహ్నము భోజనవిరామమున నేను వరండాలో నడచుచుండగా, తొమ్మిదవ తరగతి చదువు నొక బాలిక తన కారియరులోని అన్నమును ప్రక్కనున్న స్నేహితురాలి గిన్నెలో పెట్టివేయుట చూచితిని. ఆ బాలిక స్థూలకాయురాలు కాదు, పరుగుపందెములలో ముందుండునది. "ఒంట్లో బాగుగా లేదా తల్లీ?" అని యడిగితిని. ఆమె తల వంచుకొని, "బాగుగానే యున్నదండీ. దినమునకు 1200 కేలరీలకు మించి తినగూడదని నియమము పెట్టుకొంటిని. మీరు గూడ అంతియే తినుచున్నట్లు తరగతిలో చెప్పితిరి గదా మాస్టారూ!" అనెను.

నాకు నోట మాట రాలేదు. దసరా సెలవులలో వైద్యుడు నన్ను పరీక్షించి, బరువు తగ్గించుకొనుమని చెప్పిన మాట నిజము. ఎంత తినవలయునో ఆయననే అడుగుటకు మారుగా, నేను సెల్ ఫోనులో ఎవరో చెప్పగా విన్న 1200 అను అంకెను పట్టుకొంటిని. మొదటి పక్షములో మూడు కిలోలు తగ్గగా ఉప్పొంగి, తరగతిలో గొప్పగా చెప్పుకొంటిని. రెండవ మాసము వచ్చుసరికి చివరి పాఠమునాటికి కాళ్లు తేలిపోవుచుండెను. పిల్లల చిన్న తప్పులకు పెద్ద కేకలు వేయుచుంటిని. క్రిస్మసునాటి అరిసెలతో ఆ నియమము తెగినది. తెగిన తరువాత సంక్రాంతి దాటువరకు నా చేయి ఆగలేదు. తగ్గిన బరువంతయు మఱల వచ్చి చేరెను. నేను విడిచిన నియమమును ఆ బిడ్డ యింకను పట్టుకొనియున్నది! ఈ నాలుగు మాటలు వ్రాయుటకు ఆ సిగ్గే కారణము.

నా యభిప్రాయము ముందుగనే చెప్పెదను. బరువు తగ్గగోరు పెద్దలు దినమునకు ఇన్ని కేలరీలని హద్దు నేర్పరచుకొనుట మంచిదే. గాని ఆ హద్దు పైకి ఎట్లుండునో క్రిందికిని అట్లే యుండవలయును. అది తన దేహమును కొలిచి నిర్ణయించుకొన్నది కావలయును. ఒకరి యంగీని మఱియొకరు తొడుగుకొన్నట్లుండరాదు. ఎదుగుచున్న పిల్లలకు ఈ హద్దు అసలే పనికిరాదు.

కేలరీ యనగా తినెడి వస్తువు కాదు. వేడిని కొలుచు కొలత. ఒక కిలో నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడిచేయుటకు కావలసిన వేడినే ఆహారశాస్త్రమున ఒక కేలరీ యందురు. ఫ్రాన్సు దేశీయుడగు లవోయిజర్ 1780 తరువాతి సంవత్సరములలో లాప్లాసుతో గూడి, మంచుగడ్డల నడుమ నొక గినీపందిని ఉంచి, దాని దేహపు వేడికి కరగిన నీటిని కొలిచి, ప్రాణుల శ్వాసము మెల్లని దహనము వంటిదే యని చూపెను. ఒక శతాబ్దము గడచిన పిదప అమెరికాలో ఆట్‌వాటర్ అను ఆచార్యుడు మనుష్యులనే గదివంటి యంత్రములో దినములకొలది ఉంచి, వారు తినినదానిని, వారి దేహము విడిచిన వేడిని లెక్కించెను. పిండిపదార్థములు గ్రాము ఒక్కింటికి 4, మాంసకృత్తులు 4, క్రొవ్వు 9 కేలరీలిచ్చునని నేటికిని మనము వాడు లెక్క ఆయన పరిశ్రమ ఫలమే.

మఱి ఈ 1200 ఎక్కడనుండి వచ్చినది? 1918వ సంవత్సరమున లూలూ హంట్ పీటర్స్ అను అమెరికా వైద్యురాలు కేలరీలను గూర్చి సామాన్యులకొఱకు ఒక పుస్తకము వ్రాసెను. తానును అధికభారముతో బాధపడి తగ్గించుకొన్న స్త్రీ యగుటచే ఆమె మాటకు విలువ కలిగెను. పుస్తకము విశేషముగా చెల్లుబడియయ్యెను. తగ్గగోరువారు దినమునకు 1200 కేలరీలు తినవలయునని ఆమె అందు విధించెను. శతాబ్దము గడచినను ఆ యంకె పొట్టివారికిని పొడుగువారికిని, కుర్చీలో కూర్చుండువారికిని పొలములో పనిచేయువారికిని ఒక్కటే మంత్రముగా తిరుగుచున్నది. అదే 1918లో మన దేశమున కూనూరులో మెక్కారిసన్ దొర యొక చిన్న గదిలో బెరిబెరి వ్యాధిని గూర్చి పరిశోధన ఆరంభించెను. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదునకు తరలి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర వెలయుచున్నది. మన తిండిని, మన దేహములను కొలిచి చెప్పు సంస్థ మన యింటిముంగిటనే యుండగా మనము దూరపు అంకెను నమ్ముట విచిత్రము గదా!

దేహమునకు కావలసినదానికంటె మిక్కిలి తక్కువ తినినచో నేమగునో తెలిపిన పరీక్ష యొకటి కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1944-45 సంవత్సరములలో, మిన్నెసోటా విశ్వవిద్యాలయమునందు ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు దానిని నడిపెను. ఆయుధము పట్టుటకు మనస్సాక్షి యొప్పుకొనని యువకులు 36 మంది, యుద్ధమువలన కఱవుపాలైన ప్రజలకు మేలు కలుగునని తమ దేహములను ఆ పరీక్షకు అప్పగించిరి. వారిలో పెక్కుమంది బ్రదరన్, క్వేకరు, మెన్నొనైటు సంఘములవారు. పాలమూరు ప్రాంతమున పనిచేసిన మెన్నొనైటు మిషను పేరు మనలో పలువురు వినినదే.

ఆ యువకులకు ఆఱు మాసములపాటు దినమునకు సుమారు 1570 కేలరీల ఆహారమే యిచ్చిరి. వారమునకు 22 మైళ్లు నడిపించిరి. వారు తమ బరువులో నాలుగవవంతు కోల్పోయిరి. ఎండకాలమునందును చలియనిరి. గుండె కొట్టుకొనుట మందగించెను. దేహము తానే పొదుపునకు దిగి, విశ్రాంతి సమయపు ఖర్చును దాదాపు నూటికి 40 వంతులు తగ్గించుకొనెను. చదువుమీద మనసు నిలువలేదు. మాటకు ముందు కోపము వచ్చుచుండెను. కొందరు వంటల పుస్తకములను ముందు పెట్టుకొని చదువుచుండిరి. మఱల కడుపునిండ తిండి దొరకినప్పుడు ఎంత తినినను తృప్తి తీరలేదు. వారు మొదటనే బక్కపలుచని యువకులు, శ్రమ చేయువారు. క్రొవ్వు నిలువయున్న పెద్దవారికి అంత హాని వెంటనే కలుగదను మాట నిజమే. ఐనను, దృఢచిత్తులగు ఆ యువకులనే 1570 అట్లు చేసినప్పుడు, 1200 పట్టుకొని తరగతిలో కేకలు వేసిన నా యవస్థకు నా స్వభావమొక్కటే కారణము కాదని తెలిసికొంటిని.

ఇక సరియైన హద్దు నేర్పరచుకొను విధము. మొదట తగ్గవలసిన యవసరము కలదో లేదో చూడవలయును. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తుతో రెండుమారులు భాగింపగా వచ్చిన సంఖ్య మన దేశపు పెద్దలకు 23 లోపల నుండుట మంచిది. 25 దాటిన స్థూలత్వమని వైద్యులందురు. అవసరమున్నచో, దేహము ఏ పనియు చేయక పడుకొనియున్నను ఖర్చుపెట్టు కేలరీలను లెక్కింపవలయును. 1990 నుండి వాడుకలోనున్న సూత్ర మొకటి చెప్పెదను. బరువును 10తోను, సెంటీమీటర్లలోని ఎత్తును 6.25తోను హెచ్చించి కూడుము. వయస్సును 5తో హెచ్చించి తీసివేయుము. పురుషులైనచో 5 కలుపుము, స్త్రీలైనచో 161 తీసివేయుము. మన గణిత విద్యార్థులు తమ తల్లిదండ్రులకొఱకు దీనిని నిమిషములో చేసి యీయగలరు.

నా లెక్కయే చూడుడు. బరువు 80 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు, వయస్సు 45. వచ్చినది 1630. కూర్చుండి చేయు పనియే విశేషముగా గల నావంటివానికి దీనిని 1.4తో హెచ్చింపగా 2280 ప్రాంతమగును. ఇది నా దినవ్యయము. దీనిలో 500 తగ్గింపగా 1780. అదే నా హద్దు. 70 కిలోల బరువు, 155 సెంటీమీటర్ల ఎత్తు, 40 సంవత్సరముల వయస్సు గల యొక తల్లి లెక్క తీసికొందము. ఆమె విశ్రాంతివ్యయము 1308, దినవ్యయము 1830. అందు 400 తగ్గించిన 1430. పడుకొనియున్నను ఆమె దేహమునకు 1308 కావలసియుండగా, 1200 తినుమనుట ఊపిరి పీల్చుటకును చాలని జీతమిచ్చి పని చేయుమనుట వంటిది. ఈ సూత్రము పాశ్చాత్యులను కొలిచి కట్టినదగుటచే మనవారికి కొంత ఎక్కువ చూపుట కలదు. కావున వచ్చిన అంకెను శాసనముగా గాక, ఆరంభముగా ఎంచవలయును. నాలుగు వారములు పాటించి, బరువు యంత్రము చెప్పిన సాక్ష్యమునుబట్టి నూఱు కేలరీలు అటో యిటో సవరించుకొనవలయును.

500 మాత్రమే ఏల తగ్గింపవలయునని కొంద రడుగుదురు. ఒక కిలో దేహపు క్రొవ్వులో సుమారు 7700 కేలరీలుండును. దినమునకు 500 చొప్పున వారమునకు 3500 తగ్గింపగా, లెక్క ప్రకారము అర కిలోకు కొంచెము తక్కువ తగ్గుదుము. వారమునకు అర కిలో క్షేమమైన వేగము. అంతకు మించి తొందరపడినచో క్రొవ్వుతోపాటు కండయు కరగును, పిత్తాశయములో రాళ్లు ఏర్పడవచ్చును, జుట్టు రాలును, ఆకలి పగబట్టి యొకనాడు కట్టలు తెంచుకొనును. మొదటి పక్షములో నాకు తగ్గిన మూడు కిలోలలో విశేషభాగము నీరే. దేహములో నిలువయుండు పిండిపదార్థము తనతో మూడింతల నీటిని పట్టియుంచును. అది ఖర్చుకాగానే నీరు పోవును. దానిని చూచి ఉప్పొంగుట అవివేకము. అట్లే, దేహము తేలికయగుకొలది దాని ఖర్చును తగ్గును గనుక నెలలు గడచినకొలది తగ్గుట మందగించును. ఇది నియమభంగము కాదు, ప్రకృతిధర్మము. అయిదు కిలోలు తగ్గిన ప్రతిసారియు లెక్క మఱల వేసికొనిన చాలును.

ఈ 400 కేలరీలు కంచములో ఎక్కడనుండి తీయవలయును? మనవారు సాధారణముగా తీయునది పప్పును, గ్రుడ్డును, పెరుగును; విడువనిది పచ్చడిమీది నూనెను. ఇది తలక్రిందులు. నలుగురున్న యింట నెలకు నాలుగు కిలోల నూనె వాడినచో మనిషికి దినమునకు 33 గ్రాములు, అనగా 300 కేలరీలగును. దానిని రెండున్నర కిలోలకు దించిన 110 కేలరీలు మిగులును. కూర రుచి చెడదు. దినమునకు నాలుగు మారులు, మారునకు రెండు చెంచాల చక్కెరతో టీ త్రాగువారికి చక్కెర వలననే 160 కేలరీలు చేరును. సగము చేసిన 80 తగ్గును. పూటకు 80 గ్రాముల అన్నము, అనగా ఒక గరిటెడు, తగ్గించిన రెండు పూటలకు 200. మొత్తము 390! ఎవరును ఆకలితో లేచిపోవలసిన పని లేదు. ఆ గరిటె ఖాళీని తోటకూరయో, బీరకాయయో, సొరకాయయో నింపును. పప్పును, చేపను, గ్రుడ్డును, మజ్జిగను తగ్గింపరాదు. కండను నిలుపునవి అవియే. సాయంకాలమున అరగంట నడచినచో లెక్కకు తోడగును.

"లంఖణము పరమౌషధము గదా, ఇంత లెక్క యేల?" అని మన పెద్దలందురు. ఆ సామెత అజీర్తికిని, జ్వరమునకును చెప్పినది. ఒకటి రెండు పూటల మాట. మాసములకొలది లంఖణము చేయుమని ఎవరును చెప్పలేదు. శ్రమల దినములలో మనము చేయు ఉపవాసమును దీనితో కలుపరాదు. అది ప్రార్థనకొఱకైనది; అద్దముకొఱకు గాదు. "పెండ్లి దగ్గరపడినది, నెలలో పది కిలోలు తగ్గవలయును" అనువారికి నేను చెప్పునది ఒక్కటే: నెలలో పోయినది నెలలో తిరిగివచ్చును, నావలె ఊరందరికిని చెప్పుకొనకుండనైనను జాగ్రత్తపడుడు. మధుమేహమునకు మందులు వాడువారును, ఇన్సులిను తీసికొనువారును వైద్యుని యడుగక తిండి తగ్గింపరాదు. గర్భవతులును, పాలిచ్చు తల్లులును ఈ మాటయే తలపెట్టరాదు. దినమునకు 800 కేలరీలకు లోబడిన పథ్యము వైద్యుని కంటి యెదుట తప్ప చేయదగినది కాదు.

ఇప్పుడు, ప్రియ విద్యార్థులారా, మీతో మాట. పైని చెప్పిన లెక్కలలో ఒక్కటియు మీకొఱకు గాదు. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కల ప్రకారము 13 మొదలు 15 సంవత్సరముల బాలికకు దినమునకు సుమారు 2400 కేలరీలు, బాలునికి 2860 కావలయును. 16 మొదలు 18 వరకు బాలికకు 2500, బాలునికి 3320. కుర్చీలో కూర్చుండి పనిచేయు పెద్దవారిలో పురుషునికి ఆ సంస్థ చెప్పినది 2110, స్త్రీకి 1660 మాత్రమే. అనగా మీ అవసరము మీ ఉపాధ్యాయుని యవసరముకంటె అధికము! ఆ తొమ్మిదవ తరగతి బాలిక పెట్టుకొన్న 1200 ఆమె దేహమునకు కావలసినదానిలో సరిగా సగము. మిగిలిన సగము ఎక్కడనుండి వచ్చును? ఎముకలనుండి, రక్తమునుండి, చదువునుండి వచ్చును. ఈ వయస్సులో ఎముకకు చేరని సున్నము తరువాత చేర్చుట కష్టము. ఆకలిగొన్న బాలికలకు నెలసరి తప్పుటయు కలదు. నిజముగా బరువు హెచ్చిన పిల్లలు కొందరుందురు. వారిని వైద్యునికి చూపింపవలయును. పెక్కుమందికి ఆయన చెప్పునది, బరువు నిలుకడగా నుండగా ఎత్తు పెరుగనిమ్మనియే. ఆటలాడుడు, తీపి పానీయములు మానుడు, వేళకు నిద్రింపుడు. కంచమును ఖాళీచేయుడుగాని ప్రక్కవారి గిన్నెలో పోయకుడు.

వేదపాఠములో మీరు చదివిన దానియేలు కథ జ్ఞప్తికి తెచ్చుకొనుడు. రాజభోజనమును వలదన్న ఆ యువకుడు ఆకలితో నుండెదనని అనలేదు. కూరధాన్యములును నీరును ఇమ్మనెను. పది దినములు గడువడిగి, ఆ పిమ్మట తమ ముఖములను తక్కినవారి ముఖములతో పోల్చి చూడుమనెను. ఆ పరీక్షలో చూచినది ఎవరు సన్నబడిరని గాదు. ఎవరి ముఖము ఆరోగ్యముగా నున్నదని. తిండి మార్చుకొను ప్రతివానికిని ఆ కొలతయే తగినది.

తల్లిదండ్రులకును, నా తోడి ఉపాధ్యాయులకును, హాస్టలు పెద్దలకును ఒక మనవి. మన బరువును గూర్చి మనము పిల్లల యెదుట మాటలాడు ప్రతి మాటయు వారికి పాఠమగుచున్నది. "బొద్దుగా నున్నావు" అను వేళాకోళము మనకు క్షణములో మఱపునకు వచ్చును. ఆ బిడ్డ దానిని అన్నము ముందు కూర్చున్న ప్రతిసారియు వినుచుండును. పిల్ల కంచము ముందు మౌనముగా కూర్చుండుట, జట్టులో తినక తప్పించుకొనుట, మాటిమాటికి బరువు చూచుకొనుట కనబడినచో గద్దింపక, దగ్గర కూర్చుండి యడుగుడు. అవసరమైన వైద్యుని చూడుడు.

ఆ మధ్యాహ్నము నేను ఆ బాలికతో, "నేను చెప్పినది తప్పు తల్లీ, నాకే పనికిరాక విడిచిపెట్టితిని" అని యొప్పుకొంటిని. మఱునాడు ఆమె తల్లిని పిలిపించి మాటలాడితిమి. కొన్ని వారములకు ఆమె కారియరు మఱల ఆమె యొడిలోనికే వచ్చినది. నేను వైద్యుని చూచి, 1780 హద్దుగా పెట్టుకొని ఆఱు మాసములైనది. తగ్గినది ఏడు కిలోలు మాత్రమే. గాని చివరి పాఠమునకు కాళ్లు తేలుట లేదు. కేకలు తగ్గినవో లేదో నా విద్యార్థులే చెప్పవలయును. నిదానమే ప్రధానమని మన పెద్దలన్న మాట బరువు విషయమునందును నిజమే.

— ఒక ఉపాధ్యాయుడు